రుచి రాని మామిడి సీసా

మా బిల్డింగులో పధ్నాలుగో అంతస్తులో ఒకావిడ ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం లిఫ్టులో ఆవిడా నేనూ ఇద్దరమే ఉన్నాం. అప్పుడే కింద చలిలో నిలబడి ఒక సిగరెట్టు కాల్చి వచ్చాను. ఆవిడ మఫ్లరు ముక్కు మీదికి లాక్కుని, ఆరో అంతస్తు మీట నొక్కి, అక్కడ దిగిపోయి, తర్వాతి లిఫ్టు కోసం నిలబడింది. తలుపులు మూసుకునే లోపు ఆ నిలబడడం నేను చూశాను. ఒక్క మాట అనలేదు. అనుంటే నేనూ ఒకటి అనేవాణ్ణి, అక్కడితో తేలిపోయేది. ఇప్పటికీ ఎదురైతే ఆవిడ తల ఊపుతుంది. నేను ఊపను.

ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. ఆఫీసులో నా పక్క సీటాయన కిటికీ వైపు మారుతూ, అక్కడ వెలుతురు బాగుంటుందన్నాడు. మేముండే నార్త్ యార్క్‌లో జనవరి నెలలో, ఉత్తరం కిటికీలో, వెలుతురేమిటి? ఇంట్లో నా భార్య, అమ్మాయి చదువుకి విన్నిపెగ్ వెళ్లిన వారంలోనే, తన దిండూ రగ్గూ తీసుకుని ఆ ఖాళీ గదిలోకి మారింది. "మీ దగ్గుకి నిద్ర పట్టటం లేదండీ" అంది. దగ్గు అంది గానీ వాసన అనలేదు. ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అమ్మాయి చదువు అయిపోయింది, అక్కడే ఉద్యోగం వచ్చింది. ఆ దిండు మాత్రం తిరిగి రాలేదు.

ముప్ఫై ఏళ్లు కాల్చాను. నాలుగుసార్లు మానాను. నాలుగుసార్లూ నా భార్య అడిగితేనే మానాను, నాలుగుసార్లూ మళ్లీ మొదలుపెట్టాను. పోయిన నవంబరులో డాక్టరు ఒక గొట్టం చేతికిచ్చి ఊదమంది. ఊదాను. ఆవిడ నా మొహం చూడకుండా కంప్యూటరు వైపే చూస్తూ, నా వయసు కంటే నా ఊపిరితిత్తుల వయసు చాలా ఎక్కువగా ఉందని చెప్పింది. ఇప్పుడు మానితే మిగిలింది మిగులుతుందట. ఇంకో రెండు మూడేళ్లు ఇలాగే కాలిస్తే మెట్లెక్కడానికి కూడా ఆక్సిజన్ పెట్టుకోవలసి వస్తుందట. ఇదంతా ఆ కంప్యూటరుకే చెప్పినట్టు చెప్పింది.

తిరిగి వస్తుంటే కారు నేనే నడుపుతున్నాను, నా భార్య పక్కన కూర్చుంది. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు, "నాలుగుసార్లు అడిగాను. ఈసారి నేను అడగనండీ" అంది. కోపంగా అనలేదు. అలసిపోయి అంది. లైటు మారింది, వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆ హారన్ కూడా నాకు గుర్తుంది.

డాక్టరు ఇచ్చిన నికోటిన్ పట్టీలు అంటించుకుంటే చేతికి దద్దుర్లొచ్చాయి. అప్పుడు మళ్లీ వెళ్లి, పొగ బదులు ఆవిరి పీల్చే వేప్ సంగతి అడిగాను. అదేమీ మందు కాదనీ, మంచిదని తాను చెప్పబోననీ, సిగరెట్టు వదిలేదాకా వాడితే వాడి తర్వాత దాన్నీ వదిలేయమనీ అంది. ఆ మాటలు కూడా కంప్యూటరుతోనే.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. నా భార్యకు అన్న. ఏజాక్స్ అనే ఊళ్లో ఉంటాడు. తొమ్మిదేళ్ల కిందట ఒక్క రోజులో సిగరెట్టు మానేశాడు. ఆ సంగతి ప్రతి పుట్టినరోజుకీ, ప్రతి వ్రతానికీ, చేతిలో ప్లేటు పట్టుకుని కొత్తగా చెబుతాడు. ఒకసారి మా ఇంటికొచ్చి, బాల్కనీలో ఉన్న నా యాష్‌ట్రేని కాలి బొటనవేలితో పక్కకి నెట్టాడు. చెయ్యి పెట్టలేదు, కాలు పెట్టాడు. చెల్లెలు చెప్పిందేమో, డాక్టరు దగ్గరికి నేను రెండోసారి వెళ్లొచ్చిన మర్నాడే ఫోన్ చేశాడు.

"బావా, లవంగం. ఒక్కటే మాట. ఎప్పుడు లాగుతుందో అప్పుడు ఒక లవంగం బుగ్గన పడేసెయ్. నేనలాగే మానేశా."

"నేను వేప్ ట్రై చేద్దామనుకుంటున్నా."

"ఏంటీ? కాలేజీ పిల్లల్లా ఆవిరి పీలుస్తావా? మొన్న యాభై రెండు నిండలా నీకు?"

"నీకు యాభై ఏడు నిండలా? నేనేమన్నా అన్నానా?"

"సరే, పీల్చుకో నాయనా, పొగబండిలాగ. లవంగం మాత్రం వదలకు."

ఆయన మాట వినడం నాకు చచ్చేంత చిరాకు. కానీ నాలుగుసార్లు ఓడినవాడు ఏదీ వదులుకోలేడు. మసాలా డబ్బాలోంచి గుప్పెడు లవంగాలు తీసి, ఖాళీ పిప్పరమెంట్ల డబ్బాలో పోసుకుని, కోటు జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెబితే అన్నకు చెబుతుంది. ఆయన మాట విన్నానని ఆయనకు తెలిస్తే, ఆ తర్వాత నేను ఏ పెళ్లికి వెళ్లినా నా గురించే కథ. అందుకని లవంగం నా బుగ్గలో, డబ్బా నా జేబులో, రహస్యం నా దగ్గర ఉండిపోయాయి.

వేప్ షాపు మా సబ్‌వే స్టేషన్‌కి రెండు వీధుల అవతల ఉంది. లోపల ఏముందో బయటికి కనబడకుండా అద్దాలకు తెల్ల కాగితం అంటించారు. కౌంటర్లో ఉన్నది వరంగల్ అమ్మాయి. ముప్ఫై దాటి ఉంటాయి. చదువుకోవడానికి వచ్చి, చదువు ముగించి, తన ఫీల్డులో ఉద్యోగానికి అప్లై చేస్తూ ఇక్కడ పని చేస్తోంది. నా మొహం చూడగానే తెలుగు పట్టేసింది.

"అంకుల్, ఐడీ చూపించున్రి."

"అంకుల్ అంటూనే ఐడీ అడుగుతున్నావు."

"రూల్ అంకుల్. మీ నాయనొచ్చినా అడుగుత."

మా నాన్నగారు పోయి పదకొండేళ్లయిందని చెప్పాను. సారీ అంది, ఐడీ మాత్రం చూసింది. అరచేతిలో పట్టే ఒక పరికరం, మామిడి రుచి సీసా ఒకటి ఇచ్చింది. కాయిల్ అనే చిన్న లోహపు ముక్క లోపల దూది ఉంటుందనీ, ఆ దూదే ద్రవాన్ని పీల్చుకుని వేడెక్కి ఆవిరి చేస్తుందనీ చూపించింది. కొత్త కాయిల్ పెట్టినప్పుడు ముందుగా దూదిని నాలుగు చుక్కలతో తడిపి, ట్యాంకు నింపి, పది నిమిషాలు ఆగి అప్పుడు పీల్చాలట. నేను ఇరవై ఏళ్లుగా బ్యాంకు సిస్టమ్స్ నడుపుతున్నవాణ్ణి. నాకు దూది తడపడం నేర్పుతోందని సగమే విన్నాను. ఇంటికెళ్లి, నింపి, వెంటనే లాగాను. గొంతులో మాడిన గుడ్డ వాసన. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

మిగతావి నావి కావనే అనుకున్నాను. కొత్త కాయిల్ తెచ్చి, ఈసారి తడిపి, కాసేపు ఆగి పీల్చాను. మాడు వాసన లేదు. మామిడి కూడా లేదు. ఏమీ లేదు. మరుగుతున్న నీళ్ల మీద మొహం పెట్టినట్టు వేడి ఆవిరి, అంతే. గొంతుకు ఆ చురుకు అందుతోంది, చేతికి పని దొరుకుతోంది, నోటికి మాత్రం ఏమీ అందడం లేదు. ముప్ఫై ఏళ్లు ఒక రుచికి అలవాటు పడిన నోరు అది. ఏదో ఒకటి ఇవ్వకపోతే పాతదాన్నే అడుగుతుంది. పీల్చిన ప్రతిసారీ సిగరెట్టే గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఒక లవంగం బుగ్గన పడేసేవాణ్ణి.

షాపుకు మళ్లీ వెళ్లాను. పరికరం కోటు పై జేబులో పెట్టుకుంటున్నానా అని అడిగింది. పెట్టుకుంటున్నాను. చలికి ద్రవం చిక్కబడి దూదిలోకి ఇంకదట, లోపలి జేబులో పెట్టుకోమంది. పెట్టుకున్నాను. రుచి రాలేదు. ఇంకోసారి వెళితే, వేడి తగ్గించమంది, గాలి రంధ్రం సగం మూయమంది, ఒకే రుచి రోజంతా పీలిస్తే నాలుకకు విసుగొస్తుంది కాబట్టి మధ్యలో పుదీనా మార్చమంది, నీళ్లు తాగమంది. అన్నీ చేశాను. పుదీనా చల్లగా తగిలింది గానీ పుదీనా కాదు. ఆ తర్వాత కొన్న ద్రాక్ష ఏదో తీపి అని అనుమానం కలిగించి పోయింది. తెరిచిన సీసాలు వెనక్కి తీసుకోరట. రుచి లేని సంగతి తెరవకుండా ఎలా తెలుస్తుందని అడిగాను. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబివ్వలేదు.

సీసా తయారు చేసినవాళ్లకు ఈమెయిల్ రాశాను. మీ అభిప్రాయం మాకు ముఖ్యం అని జవాబొచ్చింది. ముఖ్యమైతే చదివేవారు కదా. సీసా అడుగున ఉన్న నంబరు వేసి మళ్లీ రాశాను. కొన్నచోట కనుక్కోమన్నారు. మూడోసారి రాస్తే అసలు జవాబే రాలేదు. ఆ మూడు ఈమెయిళ్లూ నా దగ్గర ఉన్నాయి.

ఇలా ఫిబ్రవరి వచ్చింది. పొద్దున చీకట్లో రైలెక్కి, సాయంత్రం చీకట్లో దిగి, బురద మంచులో కాళ్లీడ్చుకుంటూ ఇంటికి రావడం. నోట్లో లవంగం, చేతిలో ఉత్త ఆవిరి. ఒక బుధవారం రైలు ఆగిపోయి, స్టేషన్ బయట రైలుకు బదులు నడిపే షటిల్ బస్సు కోసం ఎంతోసేపు నిలబడ్డాను. ఆ రోజు ఇంటి దగ్గర మూల దుకాణంలోకి వెళ్లి ఒక ప్యాకెట్టు అడిగాను. కొట్టతను సిగరెట్లు కనబడకుండా మూసి ఉంచే షట్టరు పైకెత్తి, తీసి, మళ్లీ షట్టరు దించాడు. బిల్డింగు కింద పార్కింగులో, కారు డాష్‌బోర్డు అరలో, టిష్యూల డబ్బా మీద ఆ ప్యాకెట్టు పెట్టాను. పైనున్న ప్లాస్టిక్ విప్పలేదు. శనివారం షాపుకు వెళతాను, అప్పటికీ రుచి రాకపోతే విప్పుతాను, అనుకున్నాను. అయిదోసారి ఓడిపోతే ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. ఆ మాట ముందే చెప్పేశారు.

శనివారం మూడు సీసాలూ సంచిలో వేసుకుని వెళ్లాను. షాపులో నీలం టోపీ పెట్టుకున్న ఒకతను అద్దాల అల్మరా ముందు వంగి చూస్తున్నాడు.

"ఏంటంకుల్, మళ్ల వచ్చిన్రా?"

సీసాలు వరసగా కౌంటరు మీద పెట్టాను. "చూడమ్మాయ్, మూడు నెలలుగా తిరుగుతున్నా. ఈ మూడింటిలో ఒక్కదానికీ రుచి లేదు. కంపెనీకి కూడా రాశా. నీళ్లు కలిపిన సరుకు అమ్ముతున్నారు మీరు."

"నీళ్లా? మేమేమన్న పాలోళ్లమా అంకుల్?" అని నవ్వబోయి, ఆగి, గాలి పీల్చింది. "ఆగున్రి. ఇయ్యాల మీ ఇంట్ల బిర్యానీయా?"

"కాదు. పెసరపప్పు."

"మరి గీ వాసనేంది?"

నేను బుగ్గలో ఉన్నదాన్ని ఎడమ వైపు నుంచి కుడి వైపుకు మార్చాను. అది ఆమె చూసింది.

"నోట్ల ఏముంది?"

"ఏం లేదు."

"అంకుల్."

"లవంగం."

"పన్ను నొస్తుందా?"

"కాదు. సిగరెట్టు గుర్తు రాకుండా."

"రోజుకెన్ని?"

"పది. ఒక్కోరోజు పదిహేను."

ఆ అమ్మాయి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "అయ్యో దేవుడా! చిన్నప్పుడు నాకు పన్ను నొస్తే మా అమ్మ లవంగం పెట్టేది. ఎందుకు పెడ్తరు అంకుల్? మొద్దుబారనీకే కదా! మూడు నెల్ల సంది నాలుకను నిద్ర పుచ్చి, మామిడి పండు తెలుస్తలేదని నా మీదికొస్తున్రా?"

"నువ్వు మొదటి రోజే అడగాల్సింది."

"ఏమని అడగాలె? అంకుల్, మీరు నోట్ల లవంగం పెట్టుకొని తిరుగుతరా అనా?"

అప్పుడు పగలబడి నవ్వింది. నీలం టోపీ అతనికి తెలుగు ముక్క రాదు, అయినా ఆమెను చూసి అతనూ నవ్వాడు. అతన్ని నేను మళ్లీ చూస్తే గుర్తు పడతాను.

నవ్వు ఆగాక, కొత్త కాయిల్ ఒకటి కౌంటరు మీద నా వైపు జరిపింది. "నాలుగు దినాలు లవంగం బందు పెట్టున్రి. నీళ్లు మంచిగ తాగున్రి. దూది తడిపి పది నిమిషాలు ఆగున్రి. ఈసారన్న పూర్తిగ ఆగున్రి అంకుల్." చివరి మాట మెల్లగా అంది. మొదటి రోజు నేను సగమే విన్నానని ఆమెకు తెలుసన్నమాట.

లవంగం డబ్బా ఆ సాయంత్రమే చెత్తబుట్టలో వేశాను. ఆ నాలుగు రోజులూ మూడు నెలల కంటే పొడుగ్గా గడిచాయి. అటు లవంగం లేదు, ఇటు రుచి లేదు. సోమవారం ఆఫీసు నుంచి వచ్చి పైకి వెళ్లకుండా పార్కింగులో కారెక్కి కూర్చున్నాను. అర తెరిచి ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాను. ప్లాస్టిక్ విప్పడానికి చుట్టూ సన్నటి పట్టీ ఉంటుంది, దాని కొస మీద గోరు పెట్టాను. ఆ సమయంలో నాకు డాక్టరు గుర్తు రాలేదు. నా భార్య కూడా గుర్తు రాలేదు, ఉన్న మాట చెప్పాలి. బావ బొటనవేలు గుర్తొచ్చింది. యాష్‌ట్రే సిమెంటు నేల మీద గీసుకుంటూ జరిగిన చప్పుడు గుర్తొచ్చింది. ఇది విప్పితే ఆ చప్పుడు నేను బతికున్నంత కాలం వినాలి. ప్యాకెట్టు అరలో పెట్టి పైకి వెళ్లాను. మంచివాళ్లు మంచి కారణాలతో మానతారేమో, నాకు తెలియదు.

బుధవారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, దూది తడిపి, ట్యాంకు నింపి, పొయ్యి మీది గడియారం చూస్తూ పది నిమిషాలూ ఆగాను. కిటికీ తెరిచి పీల్చాను.

మామిడి. బంగినపల్లి కాదు, అది నాకు తెలుసు. చిన్నప్పుడు బడి దగ్గర రంగు కాగితంలో చుట్టి అమ్మిన మామిడి బిళ్ల. పళ్లకు అతుక్కునే తీపి, దాని అడుగున తొక్క దగ్గరి పులుపు కాస్త. గొప్పగా ఏమీ లేదు. కానీ ఉంది. ఇంకోసారి పీల్చి చూశాను, అప్పుడూ ఉంది. సంతోషం అనను. చాలా దూరం బరువు మోసి దించినవాడికి ముందు చేతులే నొప్పి పుడతాయి, అలా ఉంది.

నా భార్య స్టవ్ దగ్గర చారు పోపు వేస్తోంది. "ఏమైందండీ, అలా కూర్చుండిపోయారు?"

"మామిడి" అన్నాను.

"ఫిబ్రవరిలో మామిడేంటి?" అని, జవాబు కోసం చూడకుండా గిన్నె మీద మూత పెట్టింది.

భోజనంలో చారు పోసుకుని, అలవాటుగా ఉప్పు డబ్బా అందుకుని వేసుకున్నాను. ప్రతి పూటా వేసుకుంటాను. వేసుకుంటూ, "ఉప్పు తగ్గింది" అంటాను. ఎన్నేళ్ల నుంచో అంటున్నాను. ఆ రోజు కూడా అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు మండిపోయింది. మిరియం తెలిసింది, కరివేపాకు తెలిసింది, చింతపండు విడిగా తెలిసింది, వాటన్నిటి మీద నేను వేసుకున్న ఉప్పు తెలిసింది. నా భార్య నా మొహమే చూస్తోంది.

"ఎక్కువైందా?"

"లేదు" అన్నాను. కంచం ఖాళీ చేసి రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

మర్నాడు ఉప్పు ముట్టుకోలేదు. ఆ మర్నాడూ ముట్టుకోలేదు. మూడో రోజు చూస్తే ఉప్పు డబ్బా బల్ల మీద లేదు, స్టవ్ పక్కకు వెళ్లిపోయింది. నన్ను ఎవరెవరు ఏమేమన్నారో నాకన్నీ గుర్తే. ఉప్పు తగ్గిందని నేను అన్నవి ఆవిడకు ఎన్ని గుర్తున్నాయో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలంటే భయంగా ఉంది.

ఆదివారం ఏజాక్స్‌లో బావగారింట్లో భోజనానికి బయల్దేరాం. హైవే మీద మంచు కలిపిన వాన. నా భార్యకు తుమ్ములొచ్చి, టిష్యూ కోసం డాష్‌బోర్డు అర తెరిచింది. ప్యాకెట్టు సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. స్టీరింగు గట్టిగా పట్టుకుని రోడ్డే చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ దాన్ని బయటికి తీసింది. వెనక్కి తిప్పింది. ప్లాస్టిక్ అంచు వెంట గోటితో మెల్లగా నాలుగు వైపులా తడిమింది. ఎక్కడా విప్పలేదు. ఒళ్లో పెట్టుకుని, టిష్యూ తీసుకుని, ముక్కు తుడుచుకుని, ప్యాకెట్టు మళ్లీ అరలో పెట్టి మూసింది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

ఏజాక్స్ ఎగ్జిట్ తీసుకున్నాక అంది, "లవంగాల సంగతి అన్నయ్యకి చెప్పను లెండి."

"ఏ లవంగాలు?"

"మూడు నెలల్లో మూడు ప్యాకెట్లు కొన్నానండీ. మనింట్లో పలావు వండిందెన్నిసార్లు? సంక్రాంతికి ఒక్కసారి. డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగులుతోంది."

నాకు ఒళ్లు మండింది. "తెలిసి ఊరుకున్నావా? ఆ లవంగాల వల్లే నాకు నాలుక మొద్దుబారి, మూడు నెలలు ఆ షాపు చుట్టూ తిరిగాను. ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

"అడగనన్నాను కదండీ" అంది.

బావగారింటి ముందు కారాపి, అర తెరిచి, ప్యాకెట్టు ఆవిడ వైపు చాచాను. "నువ్వే పారెయ్."

"మీరే పారేయండి. ఇందాక ముట్టుకున్నందుకే చెయ్యి కడుక్కోవాలి."

గ్యారేజీ పక్కన వాళ్ల చెత్త డబ్బా ఉంది. మూత ఎత్తి, బావకు కనబడకుండా పై సంచీ ఎత్తి, దాని కిందకు తోశాను. వేళ్లు తడిసి గడ్డకట్టాయి. తిరిగి చూస్తే నా భార్య వానలో మెట్ల దగ్గరే నిలబడి ఉంది, లోపలికి వెళ్లకుండా.

తలుపు తీసిన బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏం బావా, మూడు నెలలైనట్టుందే! చెప్పు, లవంగం పనిచేసిందా?"

"లేదు" అన్నాను.

నా భార్య వంగి బూట్లు విప్పుకుంటోంది. తల ఎత్తలేదు.